రేపటి వంట ఎవరిది?

జపాన్‌లోని కోయసాన్ కొండ మీద యాభై దాకా మఠాలు యాత్రికులకు బస ఇస్తాయి. నీకు బుద్ధుడి మీద నమ్మకం ఉందా అని అక్కడెవరూ అడగరు. డబ్బు కట్టినవారికి రాత్రి షోజిన్ ర్యోరి వడ్డిస్తారు. అందులో మాంసం, చేప ఉండవు, ఉల్లి వెల్లుల్లి తగలనివ్వరు. నువ్వుల ముద్దను కుజు గడ్డ పిండితో ఉడికించిన గోమాదోఫు ఉంటుంది, గడ్డకట్టించి ఎండబెట్టిన టోఫు ఉంటుంది. తెల్లవారుజామున పూజలో కూర్చోవచ్చు. 816లో కూకై అనే బౌద్ధ భిక్షువు చక్రవర్తిని అడిగి ఈ కొండను పొందింది సాధన కోసం, సత్రాల కోసం కాదు. నమ్మకం లేని మనిషి అద్దె కట్టి పాల్గొన్నంత మాత్రాన దాన్ని ధార్మిక కర్మ అనవచ్చా?

డబ్బు చేరగానే పవిత్రత పోయిందనడం తేలిక. చరిత్ర ఆ మాటను ఒప్పుకోదు. జపాన్ చరిత్రలోని ఎదో యుగంలో ఇసే ఆలయానికి వెళ్లే భక్తులను ఒన్షి అనే పురోహితులు తమ ఇళ్లలో దించుకుని, విందులు పెట్టి, నృత్యపూజలు జరిపించి సొమ్ము తీసుకునేవారు. 1830లో కొద్ది నెలల్లోనే లక్షలాదిమంది అలా తరలివెళ్లారు. వారిలో దేవుడి పేరు చెప్పి ఊరు చూడడానికి బయల్దేరినవారికి కొదవ లేదు. కాబట్టి లోపం ఎక్కడైనా ఉంటే అది డబ్బులో లేదు. నమ్మకం లేకపోవడంలో ఉందేమో అనిపించవచ్చు. దానికి జెన్ గురువు దోగెన్ 1237లో మఠపు వంటవాడి కోసం రాసిన తెంజో క్యోకున్‌లో వేరే సమాధానం దొరుకుతుంది. 1223లో ఆయన చైనా రేవులో ఓడ మీద ఉండగా, అరవై దాటిన ఒక మఠపు వంటపెద్ద జపాన్ పుట్టగొడుగులు కొనడానికి వచ్చాడు. ఈ రాత్రికి ఉండిపొమ్మని దోగెన్ బతిమాలాడు. రేపటి వంట తనది కనుక కుదరదన్నాడు ముసలాయన. ఈ వయసులో ధ్యానం మాని వంటేమిటని అడిగితే నవ్వి, నీకింకా సాధనంటే తెలియలేదన్నాడు. బేరానికి వచ్చిన ఆ మనిషే దోగెన్‌కు గురువయ్యాడు. ఆయన తన విశ్వాసం గురించి చెప్పింది ఏమీ లేదు. రేపటి భోజనానికి జవాబుదారీ తానే అన్నాడు, అంతే.

నా దృష్టిలో అతిథికి, సాధకుడికి తేడా అక్కడే ఉంది. మఠంలో తినివెళ్లే అతిథి తాను సాధకుణ్నని చెప్పుకోడు, స్వీకరించేవాడిగానే ఉంటాడు. షికోకులో ఎనభై ఎనిమిది ఆలయాల యాత్రికులకు ఊరివాళ్లు తిండి, పండ్లు ఇచ్చే ఒసెత్తాయ్ ఆచారంలో పుచ్చుకోవడమూ కర్మలో భాగమే. అందుకే కోయసాన్ భోజనం నాకు నిజాయితీగా తోస్తుంది. ఎచిజెన్ ప్రాంతంలో పర్యాటకులు చేసే కాగితం విషయంలో అంత ధీమాగా అనలేను. అక్కడ కాగితం తయారీ నేర్పిన దేవతగా కవకామి గోజెన్‌ను కొలుస్తారు. చలికాలంలో కోజో కొమ్మలు నరికి, ఆవిరి పట్టి, బెరడు ఒలిచి, ఉడకబెట్టి, చన్నీళ్లలో ఒక్కొక్క మచ్చా చేత్తో ఏరి, నార చితక్కొట్టాక గానీ తొట్టి దాకా రాదు. పర్యాటకుడి చేతికి తొట్టి దగ్గరే జల్లెడ చట్రం ఇస్తారు, కాసేపట్లో ఒక పోస్టుకార్డు తయారవుతుంది. విసుగు పుట్టించే పనంతా ఇంకెవరో చేసేశారు. ఈ సొమ్ము రాకపోతే ఆ ఊళ్లు నిలవవనే వాదన నిజమే. కానీ అది బతుకుతెరువు గురించిన వాదన, సాధన గురించినది కాదు. ప్రతి సాధనా ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి కదా అనే ఆక్షేపణ ఇంతకంటే బలమైనది. దాన్ని ఒప్పుకుంటాను. అయితే ఆ మొదలు మచ్చలేరడం దగ్గర పెట్టి చూడాలి: సగం రోజు చన్నీళ్లలో చేతులుంచి, ఇంటికి తీసుకెళ్లడానికి ఏమీ లేకుండా. దానికి కూడా రుసుము కట్టి వచ్చేవారు కొందరైనా ఉంటారనే నా నమ్మకం.