తోమా లేని ఆదివారం

“ఇంట్లో బైబిలు చదువుకుంటున్నాం, ప్రార్థన చేసుకుంటున్నాం, మంచి ప్రసంగాలు ఫోనులోనే వింటున్నాం. ఇంకా చర్చికి రావాలా?” అని మా సంఘంలో యువకులు అడుగుతున్నారు. 2020లో ఈస్టరు ఆరాధన కూడా ఇంట్లోనే చేసుకున్నవాళ్లకు ఆ ప్రశ్న రావడం సహజం. ఇంట్లో చేసే ప్రార్థన దేవుడు వింటాడు. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ప్రార్థించమన్నది యేసే. అయినా ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నా మనసు తోమా దగ్గరికి పోతుంది.

ప్రభువు తిరిగి లేచిన నాటి సాయంత్రం శిష్యుల మధ్యకు వచ్చినప్పుడు తోమా అక్కడ లేడు. ఎందుకు లేడో యోహాను రాయలేదు. దుఃఖాన్ని ఒంటరిగా మోయాలనుకున్నాడేమో. ప్రభువును చూశామని మిగిలినవాళ్లు చెప్పినా, ఆయన గాయాలను చూసి తాకితే తప్ప నమ్మనన్నాడు. ఎనిమిది రోజుల తర్వాత శిష్యులు మళ్లీ కూడినప్పుడు మాత్రం తోమా వాళ్లతో ఉన్నాడు. గాయాల సంగతి కంటే ముందున్న ఈ చిన్న విషయమే నన్ను కదిలిస్తుంది. నమ్మనన్న మనిషిని వాళ్లు వెలివేయలేదు. నమ్మకం కుదరకుండానే అతను వచ్చి వాళ్ల మధ్య కూర్చున్నాడు. ప్రభువు తోమాకు విడిగా ఎక్కడైనా కనిపించి ఉండవచ్చు. అలా చేయలేదు, అందరి మధ్యలోనే అతన్ని పలకరించాడు.

ఇంట్లో మనిషి పోయినప్పుడు ఎంతటి విశ్వాసికైనా ప్రార్థనకు నోరు పెగలదు. అలాంటి ఆదివారం విశ్వాస ప్రమాణాన్ని నా పక్కన నిలబడ్డవాళ్లు నా తరఫున కూడా పలుకుతారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఒకటి అందుకుంటారు. నా గొంతు పూడుకుపోయినా పాట సాగుతుంది. మరో వారం ఇంకొకరికి నా గొంతు అవసరమవుతుంది. నేను రాలేదన్న సంగతి ఫోనులోని ప్రసంగానికి తెలియదు. రెండు వారాలు కనబడకపోతే “ఒంట్లో బాగాలేదా నాయనా?” అని గుమ్మంలోకి వచ్చే పెద్దమ్మలు సంఘంలో ఉంటారు.

తెలుగు నేల మీద కలిసి కూర్చోవడానికి ఇంకా పెద్ద విలువ ఉంది. ఊరి బావి దగ్గరికి కూడా రానివ్వని రోజుల్లో మాలలు, మాదిగలు పెద్ద సంఖ్యలో క్రీస్తును నమ్ముకున్నారు. 1912లో డోర్నకల్ బిషప్పు అయిన వి.ఎస్. అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు, సంఘంలో కులానికి చోటు లేదని గట్టిగా చెప్పారు. ఊళ్లో ఒకరినొకరు దగ్గరికి రానివ్వనివాళ్లు ప్రభువు బల్ల దగ్గర పక్కపక్కనే మోకరించడమే అప్పటివాళ్లకు ఒక సువార్త. పౌలు కొరింథీయులను మందలించిందీ ఈ బల్ల గురించే. ఉన్నవాళ్లు ముందే తినేస్తుంటే లేనివాళ్లు ఆకలితో మిగిలిపోతున్నారని, ఒకరికోసం ఒకరు ఆగమని రాశాడు.

ఈనాటికీ మాలల చర్చి వేరు, మాదిగల చర్చి వేరుగా ఉన్న ఊళ్లు ఉన్నాయి. అది చూసి మనసు విరిగి ఆరాధనకు రావడం మానేసినవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. అయినా ఎవరింట్లో వాళ్లు కూర్చుంటే ఆ గోడ పడదు. అందుకే మా యువకులను మన చర్చికి రమ్మనడంతో ఆగడం లేదు. ప్రభు భోజనం ఉన్న ఆదివారం పక్క పేట చర్చికి కూడా వెళ్లి, అక్కడివాళ్ల పక్కన మోకరించి ఆ పాత్ర అందుకోమని అడుగుతున్నాను.