దీపంలో మీటరు పెడతావా, అల్లుడూ!

ఒరేయ్ అల్లుడూ, నువ్వు ఇత్తడి గొట్టంతో దీపం చేస్తున్నావనీ, దాని దిమ్మలో పెట్టడానికి జుమ్మేరాత్ బజార్లో పాత వోల్టు మీటరు కొన్నావనీ మీ అమ్మ చెప్పింది. సంబరపడ్డాను. మీ అత్త అయితే మాకూ ఒకటి చేసిపెట్టమని అడిగేలా ఉంది. అయితే ప్లగ్గు పెట్టేముందు ఈ మామ చెప్పేది కాస్త విను.

ముందు ఆ మీటరు ఏ రకమో చూడు. డయలు మీద వోల్టు అని ఉందా, ఆంపియరు అని ఉందా? పైకి రెండూ ఒక్కలాగే ఉంటాయి. వోల్టు మీటరుకు నిరోధం చాలా ఎక్కువ కాబట్టి ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య కలుపుతాం. ఆమ్మీటరుకు నిరోధం దాదాపు ఉండదు. దాన్ని అలా కలిపావంటే షార్ట్ సర్క్యూటే. తర్వాత డయలు కింది అంచున ఉండే చిన్న గుర్తులు చూడు. అల గీత ఉంటే ఏసీ, తిన్నని గీత ఉంటే డీసీ. గుర్రపు నాడా బొమ్మ ఒక్కటే ఉంటే అది డీసీ మీటరు. ఏసీలో పెడితే ముల్లు సున్నా దగ్గర వణుకుతుందే తప్ప లేవదు. మన పాత టీవీ స్టెబిలైజర్లలో ఉండే 0–300 మీటర్లు చాలావరకు మూవింగ్ ఐరన్ రకం, అవి ఏసీకి పనికొస్తాయి.

ఒకవేళ అది యుద్ధకాలపు విమానం మీటరై, అంకెల మీద మందంగా పూత ఉంటే అద్దం మాత్రం విప్పకు. చీకట్లో వెలగాలని ఆ రోజుల్లో రేడియం పూసేవారు. ఇప్పుడు వెలగకపోయినా రేడియం అక్కడే ఉంటుంది. దాని అర్ధాయువు 1600 ఏళ్లు.

నన్నడిగితే నీ దీపానికి 230 వోల్టులు వద్దే వద్దు. ప్రమాదం సంగతి అలా ఉంచు, అందులో అందమూ లేదు. ముల్లు రోజంతా 230 దగ్గర కదలకుండా ఉంటుంది. మా రోజుల్లో పొలాల్లో మోటార్లు ఆన్ చేస్తే ఊళ్లో స్టెబిలైజరు ముల్లు 170కి జారేది, అదో కాలక్షేపం.

కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి బీఐఎస్ గుర్తున్న 12 వోల్టుల అడాప్టరు, ఎల్‌ఈడీ స్ట్రిప్పు, దాని డిమ్మరు, 0–15 వోల్టుల డీసీ మీటరు తెచ్చుకో. ఆ డిమ్మరు ఎల్‌ఈడీలను సెకనుకు కొన్ని వందలసార్లు ఆర్పి వెలిగిస్తుంది. అంత వేగాన్ని ముల్లు అందుకోలేదు, సగటు దగ్గర నిలుస్తుంది. బిరడా సగానికి తిప్పితే ముల్లు ఇంచుమించు 6 మీద ఆగుతుంది. వెలుగుతో పాటు ముల్లు లేస్తుంది, దిగుతుంది. అదిరా అందమంటే! మీటరు తీగలు రెండూ డిమ్మరు అవుట్‌పుట్‌కే తగిలించు. చాలా డిమ్మర్లు మైనస్ వైపు తెంచి కలుపుతుంటాయి. మైనస్ తీగ అడాప్టరు నుంచి తీశావంటే ముల్లు 12 వదిలి రాదు. 1 మిల్లీ ఆంపియరు మీటరు దొరికినా ఫర్వాలేదు, వరసలో 15 కిలో ఓమ్‌ల రెసిస్టరు పెడితే అదే 15 వోల్టుల మీటరవుతుంది. ఈ చిట్కా మాత్రం ఇంటి కరెంటుకు వాడకు. పావు వాటు రెసిస్టర్లు మామూలుగా 250 వోల్టుల దాకానే. మన ఏసీ ప్రతి అలలోనూ 325 దాకా ఎగురుతుంది.

నా దగ్గరున్నది 0–300 ఏసీ మీటరే, దాన్నే పెడతానంటావా? అయితే మూడు తీగల వైరే వాడు, రెండు పిన్నుల ప్లగ్గు ముట్టుకోకు. ఎర్తు తీగకు రింగు లగ్గు వేసి, పాలిష్ గీకి, ఇత్తడికి గట్టిగా బిగించు. మీటరు డొల్ల లోహమైతే దానికీ ఎర్తు ఇవ్వాలి. ఫేజులో ముందు అర ఆంపియరు ఫ్యూజు, ఆ తర్వాత స్విచ్చు. వాటిని దాటాకే మీటరు, బల్బు. మరహోల్డరైతే ఫేజు నడిమి బొడిపెకే రావాలి. గొట్టంలోకి వైరు దూరే చోట రబ్బరు బుష్షు పెట్టు, లేకపోతే ఇత్తడి అంచు ఇన్సులేషన్‌ను కోసేస్తుంది. మీటరు వెనక బోల్టులు రెండింటి మధ్య 230 ఉంటుంది కాబట్టి స్క్రూ విప్పితే తప్ప వేలు చేరని మూత వేయాలి. తీగను లాగితే ఆ బరువు బోల్టుల మీద పడకుండా దిమ్మ దగ్గరే క్లిప్పుతో బిగించు.

ఇక మీ ఇంటి సాకెట్లో ఎర్తు ఉందో, ఉత్త కన్నమే ఉందో ఎలక్ట్రీషియన్‌తో చూపించు. కరెంటు లీకైతే తెంచేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే ముందు అది పెట్టించు, దీపం తర్వాత. పని చేసేటప్పుడు స్విచ్చు ఆపితే చాలదు, ప్లగ్గు పీకి కళ్లెదుట పెట్టుకో.

బిగించడం అయ్యాక మూత వేసే ముందు లోపలి తీగలు కనబడేలా నాలుగు ఫొటోలు తీసి పంపు. నేను చూసి సరేనన్నాకే కరెంటు ఇవ్వు.