ఎవరి పళ్ళెములో?

అండమాను దీవులలో స్థిరపడిన తెలుగువారు సెలవుదినమున నలుగురు స్నేహితులతో కలిసి ఒక చిన్న భోజనశాలకు వెళ్ళుట అరుదేమియు కాదు. 2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయిరులో ఇరుకైన బల్ల చుట్టు, వేడి అన్నము ముందర, పాత ముచ్చటలతో గడచు ఆ గంట సుఖమైనదే. అందులో దోషము లేదు. యేసుప్రభువు తిండిపోతని నిందింపబడినది కూడ ఇట్టి బల్లల యొద్దనే. అయినను, మనకు ఇష్టమైనవారితో మనకు ఇష్టమైనది తినుటకు విశేషమైన కృప ఏమి కావలెను?

విందు చేయునప్పుడు స్నేహితులను గాక బీదలను పిలువుమని ప్రభువు ఒక పరిసయ్యునికి చెప్పెను (లూకా 14:12, 13). ఈ మాటపై ప్రసంగములు అనేకము వినియున్నాము. అయితే అది పిలుచువానికి చెప్పిన మాట. బీదలను పిలిచినవాడు ఇంకను ఇంటి యజమానుడే. వంట అతనిది, పళ్ళెము అతనిది, రుచి అతనిది. పిలువబడి, ఇతరుల పళ్ళెము ముందర కూర్చుండవలసినవాని సంగతి వేరు.

పోర్ట్ బ్లెయిరుకు ఉత్తరముగా రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరమున మాయాబందరు ఉన్నది. ఆ చుట్టుపట్ల గ్రామములలో కరెన్ ప్రజలు నివసించుచున్నారు. అడవి పనుల నిమిత్తము 1925లో బర్మా నుండి వచ్చిన కుటుంబముల సంతతివారు వీరు. వీరిలో అధికులు బాప్తిస్టులు. 1828లో బర్మాలో కో తా బ్యూ అను కరెన్ మనుష్యునికి బాప్తిస్మమిచ్చిన అమెరికను బాప్తిస్టు మిషనే 1836లో శామ్యూలు డే దొరను తెలుగువారి యొద్దకు పంపెను. అనగా మాయాబందరు కరెన్లును నెల్లూరు, ఒంగోలు బాప్తిస్టులును ఒకే మిషను బిడ్డలు.

అట్టి ఒక కరెన్ ఇంటికి నలుగురు తెలుగు స్నేహితులు భోజనమునకు వెళ్ళిరనుకొందము. ప్రార్థన ఒక్కటే, ప్రభువు ఒక్కడే. అన్నము వచ్చును, ఆకుకూర వచ్చును, దానితోపాటు బర్మావారు న్గపి అని పిలిచెడి ముద్దయు వచ్చును. చిన్న చేపలనో రొయ్యలనో ఉప్పువేసి పులియబెట్టి దంచిన పదార్థమది. వియత్నాము వంటలో చేపల ఉప్పురసమునకు ఎట్టి స్థానమో బర్మా వంటలో దీనికి అట్టి స్థానము. వాసన మాత్రము గట్టిది. ఒకడు కడుపునొప్పి అనును. ఒకడు ఆకుకూరతో సరిపెట్టుకొనును. తిరుగు దారిలో మూడవవాడు, "మంచివాళ్ళే గానండి, ఆ వాసన..." అని నవ్వును.

ఈ మాట తెలుగువాడు పలుకదగినది కాదు. ఎండుచేపలు వేయించిన దినమున పైవాటా వారు కిటికీలు మూయుట, ఆ వాసన పేరు చెప్పి ఇల్లు అద్దెకు ఇయ్యకపోవుట మన పట్టణములలో ఎరుగనివారెవరు? 'పంక్తిబాహ్యుడు' అను మాట మన భాషలోనిదే. వరుసలో విస్తరి లేనివానికి సంఘములో చోటు లేదని దాని అర్థము. 1878 జూలై 3న వేలుంపల్లి యొద్ద 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ ప్రాంతమున ఆనాడు సంఘములో చేరినవారిలో అధికులు తోలుపని చేయువారు. "మంచివాళ్ళే గానీ" అను మాట వారును చాలకాలము వినిరి.

పేతురునకు దర్శనము కలిగిన చోటును గమనింపవలెను. యొప్పేలో చర్మకారుడైన సీమోను మిద్దె అది. తోళ్ళ వాసనకు అతడు అప్పటికే కొంత అలవాటు పడియుండవచ్చును. తరువాత యెరూషలేములోని సహోదరులు అతనిపై మోపిన నేరమేమి? అన్యులకు సువార్త చెప్పెనని కాదు, వారికి బాప్తిస్మమిప్పించెనని కాదు, వారియొద్దకు పోయి వారితో కూడ భోజనము చేసెనని (అపొ. కార్య. 11:3). ఆ పేతురే అంతియొకయలో మరల వెనుకతీసెను. సిద్ధాంతము మారలేదు, లేచిన చోటు మాత్రము మారినది. పౌలు అతనిని అందరి యెదుట నిలదీసెను.

నాలుకకు రుచింపనిది పాపమగునా? కాదు. కూరగాయలే తినువానిని తృణీకరింపవద్దని పౌలే రోమీయులకు వ్రాసెను. కొందరి దేహములకు కొన్ని పదార్థములు సరిపడవు. మ్రింగలేనిదానిని మ్రింగి సాక్ష్యము చెప్పుకొనుట ఒక విధమైన డంబమే. ఆ ముద్దను వద్దనిన మూడవవాని తప్పు వద్దనుటలో లేదు. ఒక పదార్థపు వాసనను ఒక జనమునకు పేరుగా అంటించుటలో ఉన్నది. కడుపునొప్పి అని బొంకినవాని తప్పు అంతకంటె చిన్నది గాని, వాడు ఆ గృహిణికి నిజము తెలిసికొను అవకాశమును కూడ ఇయ్యలేదు. "అమ్మా, ఇది మాకు అలవాటు లేదు, కొంచెమే పెట్టండి" అనిన ఆమె నవ్వి కొంచెమే పెట్టియుండును.

నాలుగవవాడు కొంచెము తినెను. బాగున్నదని అనలేదు. అది దేనితో చేయుదురని అడిగెను. తన ఊరిలో తల్లి ఎండునెత్తళ్ళు ఇసుకపై ఆరబెట్టి, కాకులను తోలుచు కూర్చుండెడిదని చెప్పెను. ఆ మాటకు లోపలినుండి ముసలామె ఒకతె వచ్చి, అతని యెదుట కూర్చుండి, చేపలకు ఉప్పు ఎన్ని పాళ్ళు వేయుదురో వ్రేళ్ళతో చూపనారంభించెను.