పై మెట్టు

ఐటీ సర్టిఫికేషన్లలో స్థాయిలు ఎందుకున్నాయో నాకు బాగా తెలుసనే అనుకునేవాణ్ని. నెట్‌వర్కింగ్ నా వృత్తి. సిస్కో వరుస నోటికొచ్చు: అసోసియేట్ స్థాయిలో సీసీఎన్ఏ, ప్రొఫెషనల్‌లో సీసీఎన్పీ, ఎక్స్‌పర్ట్‌లో సీసీఐఈ. మొదటిది, చెప్పిన పని తప్పు లేకుండా చేయగలవా అని అడుగుతుంది. రెండోది, ఉన్న దారుల్లో దేన్ని ఎంచుకుంటావు, ఎందుకని అడుగుతుంది. మూడోది 8 గంటలు ల్యాబ్‌లో కూర్చోబెట్టి, నువ్వే కట్టు, పాడైతే నువ్వే వెతికి బాగుచెయ్యి అంటుంది.

2020 ఫిబ్రవరిలో సిస్కో పరీక్షలను మార్చింది. సీసీఎన్పీకి ముందు సీసీఎన్ఏ ఉండాలన్న నిబంధన పోయింది. చిత్తూరులో ఇంజనీరింగ్ చదువుతున్న మా పిన్ని కొడుకు ఫోన్ చేసి, "అన్నా, ఇంక నేరుగా పైదే రాయొచ్చంట కదా" అన్నాడు. "పునాది లేకుండా ఎట్లరా?" అని గట్టిగా మందలించాను. మాట సబబే. కోపం మాత్రం పునాది గురించి కాదు. నేను ఎక్కిన ప్రతి మెట్టూ వాడూ ఎక్కాలి, ఎక్కేదాకా నాకంటే కిందే ఉండాలి. అలిపిరి నుంచి కాలినడకన కొండెక్కినవాడు బస్సులో వచ్చినవాణ్ని క్యూలైనులో చూసే చూపు ఒకటుంటుంది. నాదీ అదే చూపు.

అసలు 1993లో మొదలైన సీసీఐఈకి ముందు ఫలానా సర్టిఫికెట్ ఉండాలన్న షరతే లేదు. సీసీఎన్ఏ పుట్టిందే 1998లో. ఏడబ్ల్యూఎస్ కూడా ప్రొఫెషనల్ స్థాయికి అలాంటి షరతును 2018లో తీసేసింది. రెడ్‌హ్యాట్ మాత్రం పై మెట్టైన ఆర్‌హెచ్‌సీఈకి కింది మెట్టైన ఆర్‌హెచ్‌సీఎస్ఏ కావాలంటుంది. ఆరోజు నేను వాడికి రెడ్‌హ్యాట్ ఒక్కదాన్నే చూపించాను. నమ్మి చూపించానా, నెగ్గడానికి చూపించానా?

తిరుపతి, చిత్తూరు పిల్లలకు ఉద్యోగమంటే బెంగళూరో చెన్నయో. అక్కడ రెజ్యూమె తిరగేసేవాళ్లకు మన కాలేజీ పేరు తెలియకపోవచ్చు, సర్టిఫికెట్ పేరు తెలుస్తుంది. తొందరగా పైకి పోవాలన్న ఆ ఆత్రం నాకు కొత్తేం కాదు. నేనూ దానితోనే రాశాను. వాడిలో అది కనబడగానే ఎందుకు చిరాకుపడ్డాను? మన కింది వాళ్లకు క్రమశిక్షణ చెప్పేటప్పుడు మనలో మాట్లాడేది ఏది?

మూడేళ్లకు నా సిస్కో సర్టిఫికెట్ రెన్యువల్ వస్తే నా బద్ధకం ఇంకో పాట ఎత్తుకుంటుంది: అనుభవం ఉందిగా, మళ్లీ పరీక్షెందుకు? మైక్రోసాఫ్ట్‌లో ఫండమెంటల్స్ సర్టిఫికెట్లకు గడువు లేదు, అసోసియేట్, ఎక్స్‌పర్ట్ స్థాయిలను ఏటా రెన్యువల్ చేసుకోవాలి. పైకి పోయేకొద్దీ చదువు త్వరగా పాతబడుతుందన్నది నా గర్వానికి తట్టనే లేదు.

వాడు చివరికి సీసీఎన్ఏ నుంచే మొదలుపెట్టాడు. నాకు సంతోషమేసింది. వాడు గట్టిగా నేర్చుకుంటాడన్న సంతోషం అందులో ఎంతో, నా మాట నెగ్గిందన్నది ఎంతో ఇప్పటికీ విడదీయలేకున్నాను.