వస్త్రమును విశ్వాసమును

నందికొండలలో పుట్టిన దక్షిణ పినాకిని కన్నడసీమను కొంత తడిపి, హోసూరు పీఠభూమిలోనికి దిగి, మా కెలవరపల్లి ఆనకట్ట వెనుక నిలిచెడి ఈ మొరసునాటిలో తెలుగు, కన్నడము, తమిళము, దక్కనీ ఉర్దూ అను నాలుగు భాషలు ఒకే సంతలో బేరమాడుకొనుచుండును. ఒక తరము కాలములో ఇచట జరిగిన మార్పులలో కర్మాగారములు వచ్చుటయు, గులాబీతోటలు పెరుగుటయు అందరును గుర్తించి మాటలాడుకొనునవే. ముసల్మాను స్త్రీల కట్టుతీరులో వచ్చిన మార్పును గూర్చి నోరు విప్పువారు మాత్రము దానిని చూచి భయపడువారో, దానిని చూచి గర్వించువారో అయియుందురే తప్ప, నెమ్మదిగా ఆలోచించువారు అరుదు.

మునుపటి తరమువారి వేషము నాకు బాగుగా జ్ఞాపకమున్నది. సంతనాడు హోసూరు పేటకు వచ్చెడి ముసల్మాను ముదుసలి ముతక నేతచీర కట్టి, కొంగును తలమీదుగా తెచ్చుకొని, ఊరు దాటవలసినప్పుడు మాత్రము దానిపై తెల్లని చాదరొకటి కప్పుకొనెడిది. మెడలో నల్లపూసలు, చేతుల నిండ మట్టిగాజులు, కొప్పులో కనకాంబరములు. పొరుగువారితో తెలుగున, ఇంటివారితో దక్కనీలో, అంగడివానితో తమిళమున మాటలాడి, రాగులో అలసందలో మూటగట్టుకొని పోయెడిది. ఆమె మనుమరాలు నేడు పాదములదాక దిగు నల్లని బురఖా తొడిగి, తలగుడ్డను గడ్డము క్రింద గుండుసూదితో బిగించి, ఒక్కొక్కప్పుడు కన్నులు మాత్రమే కనబడునట్లు నఖాబు కట్టి, కర్మాగారపు బస్సు కొరకు రహదారి ప్రక్కన నిలుచుచున్నది. ఆ బురఖా ముంజేతులయొద్ద సన్నని దారపు పూలును మెరుపురాళ్లును ఉండును. నలుపులోనే తనకు నచ్చిన సొగసును ఏరుకొన్న ఆ పడుచుదనమును గమనింపకుండ ఆమెను గూర్చి మాటలాడుట తగదు. అవ్వకు అక్షరము రాదు, మనుమరాలు పట్టభద్రురాలు. అవ్వకు తన చేతి కూలిపై అధికారము లేదు, మనుమరాలి జీతము ఆమె పేరనే బ్యాంకులో పడుచున్నది. ఇట్టి యిద్దరిని ప్రక్కప్రక్కన నిలిపి, ఒకతె స్వతంత్రురాలనియు, రెండవయామె బద్ధురాలనియు తీర్పు చెప్పుట ఎంత తేలికయో అంత అన్యాయము.

మరుగు, అనగా ఘోషా, అనునది మన దేశములో ఏ ఒక్క మతమునకో చెందిన ఆచారము గాదు. విశాఖపట్టణములోని విక్టోరియా ఆసుపత్రిని జనులు ఘోషాసుపత్రి యనియే పిలుతురు. చెన్నపట్టణము తిరువల్లిక్కేణిలోని నేటి కస్తూరిబా ఆసుపత్రికిని అదే పేరు. జమీందారుల లోగిళ్లలోను, రాచవారి ఇండ్లలోను, కలిగిన వెలమ కమ్మ కుటుంబములు కొన్నిటిలోను స్త్రీలు ఘోషా పాటించినవారే. అదే ఊరిలో కలుపు తీయు స్త్రీకి ఘోషా లేదు, ఏలయన ఆమె ఇంట కూర్చుండిన నాడు పొయ్యి వెలుగదు. కావున నాటి ఘోషా దైవభక్తి కంటె అంతస్తునే ఎక్కువగా చాటెడిది. ముసల్మానులలోను ఇదే వరుస: నవాబుల జనానాలలో పరదా, దూదేకులవారి వాకిట కొంగు. కాలము మారినప్పుడు పైమెట్టువారు ముందుగా దానిని విడిచిరి. 1923లో కైరో రైలునిలయమున కలవారింటి స్త్రీయైన హుదా షారావి ముఖముపైని ముసుగు తీసివేసినది. హైదరాబాదులో సుఘ్రా హుమాయూన్ మీర్జా పరదా విడిచి సభలకు వచ్చి, ఆడుపిల్లలకు పాఠశాల నెలకొల్పినది. పైవారు విడిచిన ఆచారమును క్రిందివారు, చేతిలో నాలుగు డబ్బులాడిన తరువాత, గౌరవచిహ్నముగా అందుకొనుట లోకములో క్రొత్త గాదు. కడప, రాయచోటి సీమలనుండి కువైటుకు పోయి, పరుల ఇండ్లలో వంటచేసి, అంట్లు తోమి, పొదుపు చేసికొని తిరిగివచ్చిన స్త్రీ తనతో తెచ్చుకొన్న నల్లని అబాయా, తాను ఇక కూలిమనిషి గానని ఊరికి చెప్పు మాట కూడ అయియుండవచ్చును. అందులో భక్తి లేదని నేననను. భక్తి ఒక్కటియే కలదని కూడ అనలేను.

తెలుగు ముసల్మానుల పాత జీవనము ఎట్టిదో తెలియనివారికి ఈ మార్పు బరువు తెలియదు. దూదేకులవారిలో, నూర్‌బాషలలో, ఇంటిభాష తెలుగే. పేర్లు హుస్సేనప్ప, ఇమామమ్మ, మస్తానమ్మ, దస్తగిరమ్మ. అనంతపురము జిల్లాలోని గూగూడులో కుళ్లాయప్ప పీరును ఎత్తునప్పుడు నిప్పులగుండము చుట్టు చేరు జనములో ఎవరు ఏ మతమువారో అడుగువాడుండడు. ఉగాదినాడు దేవునికడపలో వేంకటేశ్వరుని గుడికి ముసల్మానులు కొబ్బరికాయలతో వత్తురు. బీబీ నాంచారి తమ ఇంటి ఆడుబిడ్డ యనియు, స్వామి అల్లుడనియు వారి నమ్మకము. కావలి ముసల్మాను ముంగిళ్లలోని ఈ తెలుగుదనమును మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’లో చదివినవారు మరువజాలరు. ఇట్టి జీవనమును చూచి శాస్త్రము తెలిసిన మౌల్వీ బాధపడుటలోను అర్థము లేకపోలేదు. 1920ల దశకములో మేవాత్ సీమయందు మౌలానా మహమ్మద్ ఇలియాస్ ఆరంభించిన తబ్లీగు ఉద్యమము, పేరునకు మాత్రమే ముసల్మానులైయుండి నమాజు రాని పల్లెజనులకు నమాజు నేర్పవలెనను ఆర్తినుండియే పుట్టినది. మనకు చేరువనున్న ఆంబూరు యొద్ద ఉమరాబాదులో 1924లో వెలసిన దారుస్సలాము విద్యాలయము చదువు లేనిచోట చదువు పెట్టినది. దర్గా ముంగిట మ్రొక్కు చెల్లించుటయే మతమని తలచు బీదవానికి, నీకును దైవమునకును నడుమ ఎవ్వరి దళారీతనమును అక్కరలేదని చెప్పుట చిన్న ఉపకారము గాదు. 1992 డిసెంబరులో బాబ్రీ మసీదు కూల్చబడిన తరువాతి భయము ఈ ప్రవాహమునకు మరియొక వేగమునిచ్చినది. వెలుపల తన్ను అనుమానించు కన్నులు పెరిగినకొలది మానవుడు తనవారితో ఒదిగి, తనవారివలె కనబడగోరును.

ఇంతవరకు నేను ఆ మార్పు పక్షముననే మాటలాడితిని. నా వేదన మొదలగు చోటు వేరు.

ఇస్లాములో కర్మకు ప్రాణము నియ్యత్, అనగా సంకల్పము. ప్రవక్త వచనములను కూర్చిన బుఖారీ సంకలనములో ప్రప్రథమముగా నిలిచిన హదీసు, కర్మల విలువ సంకల్పమును బట్టియే యను అర్థముగలది. నియ్యత్ లేని నమాజు నమాజు కాదు, నియ్యత్ లేని ఉపవాసము ఒట్టి ఆకలి. మరియు, ఇతరులు చూచి మెచ్చుటకై చేయు ఆరాధనమును, రియా యను దానిని, ప్రవక్త తన అనుచరుల విషయమున మిక్కిలి భయపడిన దోషముగా, చిన్నతరపు బహుదైవారాధనముగా చెప్పినట్లు సంప్రదాయము. వస్త్రములలోకెల్ల ఉత్తమము భయభక్తుల వస్త్రమను భావము ఖురానులోనే అల్ అరాఫ్ అధ్యాయమునందు కలదు. అట్లయినచో, ఒక వాడలోని జనులు భక్తిని గుడ్డ పొడవునుబట్టి, రంగునుబట్టి కొలుచుట మొదలిడిన నాడు ఆ వాడకు ఏమగును? కొలతకందని దానికి కొలబద్ద దొరకెనని అందరును సంతోషింతురు. పొరుగింటి పడుచు నఖాబు కట్టినదని మనయింటి పడుచును కట్టుమందురు. పెండ్లిచూపులలో అది ఒక అర్హత యగును. సంకల్పము వసించెడి చోట సంఘము వచ్చి కూర్చుండును. అప్పుడు ఆ స్త్రీ తాను దైవమునకై కప్పుకొన్నదో, అత్తగారికై కప్పుకొన్నదో తనకే తెలియని స్థితిలో పడును. ఆచారశుద్ధి కోరు సంస్కర్తలు మతమునకు చేయుచున్న హానిలో ఇదియే పెద్దదని నా నిశ్చయము: వారు రియాకు వీధిలో పీట వేయుచున్నారు.

ఇది ముసల్మానులకు ప్రత్యేకించిన రోగమని ఎవరును అనుకొనరాదు. విభూతిని, జడలను, బోడితలలను చూచి వేమన మనవారిని అడిగినదియు ఇదే ప్రశ్న. శాస్త్రము మాటకు వచ్చినచో, అన్నూర్ అధ్యాయములో స్త్రీల పైటను గూర్చిన ఆజ్ఞకు ముందు పురుషులు తమ చూపు దించుకొనవలెనను ఆజ్ఞ కలదు. హజ్జు యాత్రలో, ఖథ్అమ్ తెగకు చెందిన ఒక సుందరి ప్రవక్తను ధర్మసందేహ మడుగుచుండగా, ఆయన వెనుక కూర్చున్న ఫజల్ అను యువకుడు ఆమెనే చూచుచుండెననియు, ప్రవక్త తన చేతితో ఆ యువకుని ముఖమునే ప్రక్కకు త్రిప్పెననియు బుఖారీలో కలదు. హజ్జు దీక్షలోని స్త్రీకి ముఖమున నఖాబు కట్టుట నిషిద్ధము. ఆ యువకుని ముఖము త్రిప్పిన చేతిని గూర్చి శుక్రవారపు బయానులలో ఎన్నిమారులు వినబడుచున్నదో, బురఖాను గూర్చి ఎన్నిమారులు వినబడుచున్నదో వినువారికే తెలియును.

ఇక బలవంతము. 1936లో ఇరానునందు రెజా షా ముసుగును నిషేధించెను. రక్షకభటులు వీధులలో స్త్రీల తలలపైని గుడ్డలను లాగివేసిరి. తలగుడ్డ లేక వాకిట నిలువ సిగ్గుపడిన స్త్రీలెందరో ఇల్లు కదలకుండిరి. 1979 విప్లవము పిదప అదే దేశములో ప్రభుత్వము అదే తలగుడ్డను చట్టముతో కప్పించెను; 2022 సెప్టెంబరులో మహ్సా అమీని యను యువతి ఆ చట్టము పేరిట పట్టుబడి నిర్బంధములో మరణించుటతో దేశము భగ్గుమనెను. తిరువాన్కూరులో నాడారు స్త్రీలు రొమ్ము కప్పుకొను హక్కుకై పోరాడి, 1859లో గాని రాజశాసనమును పొందలేకపోయిరి. ఒకచోట కప్పుమనుట, ఒకచోట విప్పుమనుట, ఒకచోట కప్పరాదనుట. మూడింటను స్త్రీ దేహము పరుల శాసనము వ్రాసికొను పలకయైనది.

మాకు ఇది దూరదేశపు కథ కాదు. అత్తిబెలె చేరినచో కర్ణాటకమే. అచట ఉడుపి కళాశాలలో తలగుడ్డను గూర్చి మొదలైన వివాదము, 2022 ఫిబ్రవరి 5వ తేదీ ప్రభుత్వ ఉత్తరువుతో రాష్ట్రమంతట ప్రాకినది. తలగుడ్డ ఇస్లాములో అత్యవసర మతాచారము కాదని మార్చి 15న ఉన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. అక్టోబరు 13న సర్వోన్నత న్యాయస్థానములో జస్టిస్ హేమంత్ గుప్తా ఒక దారిని, జస్టిస్ సుధాంశు ధూలియా మరియొక దారిని పోయిరి. ఆడుపిల్ల చదువు సాగుటయే ముఖ్యమనియు, ధరించుట ఆమె ఇష్టమనియు తలచిన జస్టిస్ ధూలియా పక్షమే నా మనస్సునకు ధర్మముగా తోచుచున్నది. ఒక ఆచారము మతమునకు అత్యవసరమా కాదా యని న్యాయాధిపతి తేల్చుట, ఒక స్త్రీ భక్తురాలా కాదా యని వాడపెద్ద తేల్చుట, ఈ రెండును ఒకే అతిక్రమణమునకు రెండు రూపములు. బడి గుమ్మములో తలగుడ్డ తీయుమని నిలువరింపబడిన పిల్లకు, ఆనాటినుండి ఆ గుడ్డ భక్తి కాక పంతమగును. పంతముతో కప్పుకొన్నది మరల భక్తిగా మారుటకు ఎన్నేండ్లు పట్టునో ఎవరు చెప్పగలరు?

పోయిన వానిని గూర్చి నేను దుఃఖింపకుండ లేను. కొప్పులోని కనకాంబరములు, మస్తానమ్మ యను పేరు, పీర్లను ఎత్తినప్పుడు అన్ని కులములవారి గొంతు కలిసిన కేక, ఇవి అరబ్బు దేశపు కొలతకు సరిపడలేదను కారణముచేత మలినములుగా ఎంచబడి తొలగుచున్నవి. సంస్కర్తలు అజ్ఞానమును కడుగబోయి, మొరసునాటి మట్టివాసనను కూడ కడుగుచున్నారు. విశ్వాసము ఒక్కటే యైనను దాని వేషభాషలు నేలను బట్టి మారుట దోషము కాదనుటకు, జావా స్త్రీ సరోంగును సెనెగల్ స్త్రీ తలపాగాయు ఎన్ని శతాబ్దములుగానో సాక్ష్యము చెప్పుచునే యున్నవి.

అయినను ఆ మనుమరాలి విషయమున నాకు నిరాశ లేదు. ఆమె చదువుకొన్నది. అనంతపురము దత్తమండల కళాశాలలో పాఠములు చెప్పిన చిలుకూరి నారాయణరావుగారు, బ్రాహ్మణపండితులై యుండియు, ఖురానును తెలుగు చేసి తెలుగువాని చేతికిచ్చిరి. తరువాత ముసల్మానులే చేసిన అనువాదములును వచ్చినవి. అవ్వ అర్థము తెలియక చెవితో విన్నదానిని మనుమరాలు అర్థముతో చదువగలదు. చదివినవారిలో ఒకతె నఖాబు తీసివేయవచ్చును. తీసిన చెల్లెలిని చూచి మరియొకతె మరింత శ్రద్ధతో కట్టుకొనవచ్చును. కవయిత్రి షాజహానా 2005లోనే ‘నఖాబ్’ అను పేరుతో కవితాసంపుటము వెలువరించి, ఈ వాదములో ముసల్మాను స్త్రీలు తమ పక్షమున తామే మాటలాడగలరని చూపినది. జమాతు పెద్దలను నేను కోరునది ఒక్కటే: మసీదులో స్త్రీలు నమాజు చేయుటకును, ధర్మసందేహము అడుగుటకును చోటు కల్పించి, వారు చదివి తెలిసికొన్న అర్థము తమ అర్థముతో కలియనప్పుడు, వారి తండ్రిని పిలిపించి మందలింపక, ఎదుట కూర్చుండబెట్టుకొని వాదింపుడు.