ర్యాంకు కోసం అమ్మవారికి మొక్కుకోవచ్చా?

దసరాల్లో మూలా నక్షత్రం రోజు ఇంద్రకీలాద్రి మీద అమ్మవారు సరస్వతీదేవి అలంకారంలో దర్శనమిస్తారు. ఆ రోజు క్యూలైన్లో ఎటు చూసినా చదువుకునే పిల్లలూ, వాళ్ల తల్లిదండ్రులే. మా పటమట హాస్టళ్లలో ఉండే బైపీసీ పిల్లలూ, లాంగ్ టర్మ్ పిల్లలూ వస్తారు. చాలామంది కోరిక ఒక్కటే. నీట్‌లో మంచి ర్యాంకు రావాలి, ఎంబీబీఎస్ సీటు రావాలి.

ఇక్కడే ఒక ధర్మసందేహం. ర్యాంకు అంటే వరస. నేను చేసేది సాఫ్ట్‌వేర్ పని కాబట్టి నాకు ఇలా అర్థమవుతుంది: ఒక లిస్టును సార్ట్ చేస్తే ఒకరు పైకి వెళ్లాలంటే ఇంకొకరు కిందికి రావాల్సిందే. మరి "మా అబ్బాయికి ర్యాంకు ఇవ్వమ్మా" అంటే "పక్క అమ్మాయిని ఒక మెట్టు దించమ్మా" అని అడిగినట్టు కాదా? ఆ అమ్మాయి కూడా అదే క్యూలో నుంచుని ఉంటుంది కదా! అమ్మకి ఇద్దరూ బిడ్డలే.

అలాగని కోరిక కోరడమే తప్పు అనలేం. భగవద్గీత 7వ అధ్యాయంలో కృష్ణపరమాత్మ ఆపదలో ఉన్నవాడినీ, ఏదో కావాలని వచ్చినవాడినీ కూడా తన భక్తుల్లోనే లెక్కపెట్టాడు. కాబట్టి అడగొచ్చు. ఏం అడగాలి అన్నదే ప్రశ్న.

మార్కులు వేరు, ర్యాంకు వేరు. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. అందులో బయాలజీ 90 ప్రశ్నలు, అంటే సరిగ్గా సగం. ఎన్సీఈఆర్టీ పుస్తకం ఎన్నిసార్లు తిరగేశామన్నది మన చేతిలో ఉంది. ర్యాంకు లేదు. 2024లో ఏం జరిగిందో గుర్తుందా? మొదట 67 మందికి మొదటి ర్యాంకు వచ్చింది. తర్వాత గ్రేస్ మార్కులు తీసేశారు, ఒక ఫిజిక్స్ ప్రశ్నకు సరైన జవాబు ఒక్కటేనని తేల్చారు. చివరికి మిగిలింది 17 మంది. మిగతావాళ్లు చదివిన చదువులో ఒక్క అక్షరం తగ్గలేదు, ర్యాంకు మాత్రం మారిపోయింది. మనది కానిదాన్ని మొక్కుకి ముడిపెడితే మనశ్శాంతి ఎక్కడుంటుంది?

ఇంకో మాట. చదవకపోయినా సీటు రావాలని కోరుకుంటే, ఆ కోరిక ఖరీదు కట్టేది ఎవరు? పదేళ్ల తర్వాత ఆ డాక్టర్ దగ్గరికి వచ్చే రోగి. అందుకే ఈ పరీక్షకు తయారవడం కూడా సత్యవ్రతం లాంటిదే అంటాను. తప్పు జవాబుకి ఒక మార్కు పోతుంది. లెక్క వేస్తే గుడ్డిగా పెట్టినా సగటున పావు మార్కు లాభమే! కానీ గుడ్డిగా పెట్టింది రైట్ అయితే, అది తనకి వచ్చనుకోవడమే ప్రమాదం. మాక్ టెస్ట్ రాసేటప్పుడే తెలిసి పెట్టినవాటికి ఒక గుర్తు, ఊహించి పెట్టినవాటికి ఇంకో గుర్తు వేసుకోండి. ఊహించినవి రైట్ అయినా సరే, ఆ పాఠం మళ్లీ చదవండి. తెలియనిది తెలియదని ఒప్పుకోవడం రేపు డాక్టర్ అయ్యాక కూడా కావలసిన గుణమే.

నిద్ర మానుకోవడం తపస్సు కాదు. పరీక్ష మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా. రాత్రి రెండింటి దాకా చదివి, మధ్యాహ్నం తూగే శరీరంతో ఆ మూడు గంటలు ఎలా కూర్చుంటారు? ఆఖరి నెలలోనైనా మాక్ టెస్టులు అదే టైముకి రాయండి. అర్జునుడు పాశుపతం కోసం తపస్సు చేసింది ఈ కొండ మీదేనని మన స్థలపురాణం. ముందు శివుడు కిరాతుడిగా వచ్చి యుద్ధం చేసి చూశాడు, ఆ తర్వాతే అస్త్రం ఇచ్చాడు. అడగడానికి వెళ్లినవాడు కూడా పరీక్షకి సిద్ధంగానే ఉన్నాడు.

తల్లిదండ్రులకి ఒక విన్నపం. "ర్యాంకు వస్తే కొండకి నడిచి వస్తాను" అని మీరు మొక్కుకుంటే, ఆ మాట పిల్లల చెవిన పడుతుంది. రాకపోతే మార్కులతో పాటు అమ్మ మొక్కు కూడా తన వల్లే పోయిందని ఆ పసిమనసు అనుకుంటుంది. ఇంటికి దూరంగా హాస్టల్ గదిలో ఒంటరిగా ఉన్న బిడ్డకి అది మోయలేని బరువు. సీటు రాకపోయినా వెటర్నరీ ఉంది, అగ్రికల్చర్ ఉంది, నర్సింగ్ ఉంది. బిడ్డ పోతే ఇంకో బిడ్డ లేదు.

అందుకే మొక్కులో "వస్తే" అన్న మాట తీసేయండి. పరీక్ష అయిపోయాక, రిజల్ట్ రాకముందే పిల్లల్ని తీసుకుని కొండెక్కండి. చెల్లించాల్సింది అప్పుడే చెల్లించేయండి. "చదివింది గుర్తుకు రావాలి, పక్కన రాసేవాళ్లకీ గుర్తుకు రావాలి, ఏది వచ్చినా తట్టుకునే ధైర్యం ఇవ్వు తల్లీ" అని అడగండి. ఈ కోరికతో క్యూలో ఎంతమంది నుంచున్నా, ఒకరి వరం ఇంకొకరికి అడ్డం రాదు.