కానుకయా? మారకమా?

ఢిల్లీ నెహ్రూ హౌస్‌లోని అంతర్జాతీయ బొమ్మల మ్యూజియమును వ్యంగ్యచిత్రకారుడు కె. శంకర్ పిళ్ళై 1965లో నెలకొల్పెను. హంగేరీ రాయబారి ఇచ్చిన ఒక్క బొమ్మతో ఆయనకు ఆ అభిరుచి అంకురించెనందురు. అక్కడి పనిశాలలో పెండ్లికూతుళ్ళను, నర్తకులను చేతితో రూపొందించి, మన ప్రాంతముల దుస్తులు తొడిగి, విదేశములనుండి వచ్చిన బొమ్మలకు బదులుగా పంపుచు వచ్చిరి.

ప్రతిఫలము కోరి ఇచ్చునది కానుక కాదని కొందరి వాదము. అది కొంత కఠినమే. వర్తకుడు తూకము చూచును. కిమోనో ధరించిన జపాను బొమ్మకు కథకళి కిరీటము సమమని ఏ త్రాసు తేల్చగలదు? అయినను చిక్కు తీరలేదు. దూరదేశీయులతో పోస్టుకార్డులు, నాణెములు మార్చుకొనువారికిని ఇదే ప్రశ్న: మారుగా ఏమియు పంపలేని బాలుని పేరు వారి చిరునామాల పుస్తకములో ఉన్నదా?